సగములో విడిచిన అల్లిక

మన యిండ్లలోని ట్రంకుపెట్టెలను తెఱచి చూచినచో ఒక మూట తఱచుగా కనబడును. వీపుభాగము పూర్తియై, ముందుభాగము జానెడు మాత్రము సాగి, సూదులతో కూడ పాతచీర ముక్కలో చుట్టబడిన స్వెట్టరు అది. ఏ బిడ్డకొఱకు దానిని మొదలుపెట్టిరో ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోవుచుండును. ఆ పెట్టెకు ప్రక్కనే బుట్టలో క్రొత్త యూలు, క్రొత్త సూదులు, నాలుగు వరుసలు నడచిన క్రొత్త అల్లిక! ఇంటిలోని పెద్దలు "ఆరంభశూరత్వము" అని నవ్వుదురు. ఇల్లాలు సిగ్గుపడి ఆ మూటను పెట్టె అడుగునకు త్రోయును. ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఆ మూటను గూర్చియే. చూచుటకు చిన్న విషయమేగాని, అందులో ఇంటి డబ్బును, స్త్రీ యొక్క తీరికయు, ఆమె మనశ్శాంతియు చిక్కుకొనియున్నవి.

మొదట కారణములను విచారింతము. జంగారెడ్డిగూడెము వంటి మెట్టయూళ్లలో మొదటి కారణము ఋతువే. 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన ఈ పూర్వపు పశ్చిమ గోదావరి పట్టణమున, ఊలు ధరింపదగిన చలి మార్గశిర పుష్యమాసములందు మాత్రమే యుండును. తెల్లవాఱుజామున చలిగాలి తగిలిన పిమ్మటగదా మనకు స్వెట్టరు జ్ఞప్తికి వచ్చుట! ఊలు తెచ్చి, కొలత తీసి, వీపుభాగము ముగించుసరికి మాఘము ప్రవేశించును. శివరాత్రికి చలి "శివశివా" యని వెడలిపోవునని పెద్దలు చెప్పుదురు. ఆ మీదట ఒడిలో ఊలు బరువగును. చేయి చెమర్చి సూదిపై కుట్లు జారవు. పని ఆగును. మరుసటి చలికాలమునకు బిడ్డ రెండంగుళములు పెరిగియుండును. ఇచట ఇల్లాలి సోమరితనమేమున్నది?

రెండవ కారణము మనస్సునకు సంబంధించినది. ఏ యల్లికకైనను మొదట క్రొత్తదనపు ఉత్సాహము కలదు. చివర వస్తువును చూచుకొను ఉత్సాహము కలదు. నడుమ నూఱు వరుసలు మాత్రము ఒకేవిధముగా నుండును. అందును ఒక చేతిభాగము ముగిసిన పిదప సరిగా అదే కొలతతో రెండవది అల్లుట విసుగు పుట్టించును. ఈ చిక్కు మనకే కాదు. మేజోళ్లు అల్లుకొను చలిదేశములలో ఒక మేజోడు ముగించి రెండవది ఎన్నడును మొదలుపెట్టనివారు మెండు. ఇక మెడ మలపు తెలియకపోవుట, ఊలు చాలకపోవుట, మరల తెచ్చిన ఊలు వేఱొక తడవ రంగు వేసినదై తేడాగా కనబడుట మున్నగునవి తక్కిన కారణములు.

భర్తృహరి మానవులను మూడు తెగలుగా విభజించినాడు. ఆటంకములకు వెఱచి పనిని మొదలుపెట్టనివారు ఒకరు, మొదలుపెట్టి నడుమ విడుచువారు ఒకరు, ఎన్ని ఆటంకములు వచ్చినను విడువనివారు ఒకరు. మహాకార్యముల విషయమున ఇది శిరసావహింపదగిన మాటయే. కాని కొలత తప్పిన స్వెట్టరును విడువక ముగించుట ధీరత్వమనిపించుకొనదు. ముగించినను అది ఎవరికిని పట్టదుగదా!

"ఇంత ఊలు పోసితిని, ఇన్నినాళ్లు అల్లితిని, ఎట్లు విడుతును?" అని మన మనస్సు పోరును. ఈ పోరునుగూర్చి 1985లో ఆర్క్స్, బ్లూమర్ అను ఇరువురు పండితులు అమెరికాలో ఒక పరిశోధన ప్రకటించిరి. ఒక నాటకశాలకు సంవత్సరపు టిక్కెట్లు కొనవచ్చినవారిలో కొందఱికి పూర్తి వెలకును, కొందఱికి తగ్గింపు వెలకును ఇచ్చి చూచిరి. సంవత్సరపు మొదటి సగములో పూర్తి వెల యిచ్చినవారే ఎక్కువ నాటకములకు వెళ్లిరట. నాటకములు అందఱికిని ఒక్కటే. ఇచ్చిన సొమ్ము మాత్రము వారిని లాగికొనిపోయినది. పోయిన సొమ్ము పని ముగించినను తిరిగి రాదు, విడిచినను తిరిగి రాదు. కావున ఇల్లాలు వేసికొనవలసిన ప్రశ్న "ఇంతవఱకు ఎంత ఖర్చయినది?" అని కాదు, "ఇకమీద పెట్టవలసిన కాలమునకు తగిన ఫలము కలదా?" అని.

ఈ "కాలము" అను మాటను కొంచెము ఆగి చూడవలెను. స్త్రీ చేతిపనిలో ఊలునకు వెల కట్టుదుముగాని ఆమె గంటలకు వెల కట్టము. దీనికి మన గోదావరి ప్రాంతమే గొప్ప నిదర్శనము. జంగారెడ్డిగూడెమునకు ఉత్తరమున, భద్రాచలమునకు ఎగువ గోదావరి యొడ్డున దుమ్ముగూడెము కలదు. 19వ శతాబ్దమున అచటికి వచ్చిన క్రైస్తవ మిషనరీల ద్వారా లేసుపని నెలకొన్నది. ఆ శతాబ్దాంతమునకు దుమ్ముగూడెము లేసు విదేశములలో అమ్ముడుపోయినది. దిగువను, సముద్రపు చేరువనున్న నరసాపురము పరిసరములలో ఈ పని వేలకొలది యిండ్లకు ప్రాకినది. నరసాపురపు క్రోషే లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ పని ఇండ్లలో అంతగా వ్యాపించుటకు దాని స్వభావమే కొంత కారణము. రెండు సూదుల అల్లికలో నూఱు కుట్లు సూదిపై ఎల్లప్పుడు నిలిచియుండును. పసివాడు సూది లాగినచో పని చెడును. కొక్కెపు సూదితో చేయు లేసులో నిలిచియుండునది ఒక్కటే కుట్టు. అన్నము పొంగినను, బిడ్డ యేడ్చినను దానిని క్రింద పెట్టి లేవవచ్చును. పైగా పని చిన్నచిన్న పువ్వులుగా విభజింపబడియున్నది. ఒకరు పువ్వులు అల్లుదురు, వేఱొకరు వానిని కలుపుదురు. ఈ కలుపుటకు అతుకుపని యని పేరు. కావున ఒక్క పువ్వు ముగిసినను ఒక పని ముగిసినట్లే.

అయితే ఆ స్త్రీలకు విసుగు పుట్టినంతమాత్రమున పాతపని విడిచి క్రొత్తది పట్టు స్వేచ్ఛ లేదు. దారము వర్తకునిది, నమూనా వర్తకునిది. అల్లి అప్పగించిననే కూలి. జర్మను దేశస్థురాలగు మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి వ్రాసి 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక చేదు సత్యము కలదు. దినమునకు ఎన్నో గంటలు పనిచేయుచున్నను, వారిని అందఱును "ఇంటిలో ఊరక కూర్చున్న గృహిణులు" అనియే తలచిరనియు, వారి పనిని తీరికవేళల వేడుకగా లెక్కించుటచేతనే కూలి అంత స్వల్పముగా నుండెననియు ఆమె చూపినది. దీనివలన మనము నేర్వవలసినదేమనగా, ఇంటిలో కూర్చుండి చేసినంతమాత్రమున స్త్రీ కాలము ఉచితము కాదు. మన తీరికను మనమే లెక్కింపనిచో ఇతరులు లెక్కింతురా?

కావున మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. సగములో విడుచుట తప్పు కాదు. ఏదియు తేల్చక మూటగట్టి దాచుటయే తప్పు. దాచినది కనబడినప్పుడెల్ల మనస్సును గ్రుచ్చును, చిమ్మటలను పెంచును, సూదులకు త్రుప్పు పట్టించును. క్రొత్త అల్లిక మొదలుపెట్టుటకు ముందు పాతదానిని బయటికి తీసి, మూడు మార్గములలో ఒకటి నిర్ణయింపవలెను.

మొదటిది, కొంతకాలము నిలుపుట. కొలత సరిగా నుండి, ఋతువు మాత్రము దాటిపోయినచో ఇది తగును. వరుస నడుమ ఆపరాదు, ముగించియే ఆపవలెను. కుట్లను సూదినుండి తీసి గట్టి నూలుదారమునకు ఎక్కించి కొనలు ముడివేసినచో కుట్లు సాగవు, సూదులును క్రొత్త పనికి దొరకును. సూది నంబరు, ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు, ఏ నమూనా, ఎవరి కొలత అనునవి చీటిపై వ్రాసి దానికే గ్రుచ్చవలెను. ఆఱుమాసముల పిదప మన చేతిపనియే మనకు పరాయిదగును. చీటి లేనిచో తిరిగి పట్టు ధైర్యముండదు. చెమటయు నూనెయు అంటిన ఉన్నిని పురుగు ముందు పట్టును గాన శుభ్రపఱచి, బాగుగా ఆఱనిచ్చి, కలరా ఉండలతో దాచవలెను.

రెండవది, విప్పుట. కొలత తప్పినప్పుడును, బిడ్డ పెరిగినప్పుడును ఇదియే మేలు. బట్ట కత్తిరించిన తప్పు కత్తిరించినట్లే యుండును. అల్లికలో తప్పు మాత్రము మరల దారమగును. ఇంత క్షమాగుణముగల పని వేఱొకటి లేదు. చివర అల్లిన కొననుండి మొదలిడి దారమును కుర్చీ వీపునకు చుట్టి, చిలపను నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని సబ్బునీట కొంతసేపు నానవేయవలెను. నులుమక నీరు పిండి, నీడలో వ్రేలాడదీసినచో వంకరలు చాలవఱకు పోవును. పిదప వదులుగా ఉండ చుట్టవలెను. బజారులో ఊలనిపించుకొనుచున్న దానిలో చాలభాగము అక్రిలిక్ దారము గాన వేడి ఇస్త్రీపెట్టె తగిలింపరాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో ఊలునకును రేషను కూపనులు కావలసివచ్చెను. అప్పుడు గృహిణులు పాత స్వెట్టర్లను విప్పి మరల అల్లుకొనిరి. పాతవానిని బాగుచేసికొని వాడుకొనుమని ప్రభుత్వమే 1943లో చిన్న పుస్తకము ప్రకటించినది. వారికది గౌరవమైన పనియేగాని ఓటమి కాలేదు.

మూడవది, ఇతరుల కిచ్చుట. మనకు విసుగైన పని ప్రక్కింటి వదినగారికి వేడుక కావచ్చును. ఈ భావముతోనే 2022లో అమెరికాలో జెన్ సైమనిక్, మేసీ కాప్లన్ అను ఇరువురు స్త్రీలు "లూజ్ ఎండ్స్" అను సంస్థను స్థాపించిరి. మరణించినవారును, వ్యాధిచే చేయి సాగనివారును విడిచిన అల్లికలను, కుట్టుపనులను స్వచ్ఛందముగా ముగించి కుటుంబములవారికి అందించుట వారి పని. తల్లి మొదలుపెట్టిన దుప్పటి ఆమె పోయిన పిదప పరాయి చేతులతో పూర్తియై బిడ్డల ఒడిని చేరుచున్నది. మన పెట్టెలలోను అట్టివి లేకపోలేదు. అమ్మమ్మగారి చేతి అల్లిక సగము దొరకినచో దానిని మాత్రము విప్పవలదు. చేతనైనవారిచే ముగింపించి ఇంటిలో వాడుకొనవలెను.

ఇక క్రొత్తది మొదలుపెట్టువారికి రెండు మాటలు. చలికి అల్లవలసినదానిని వానకాలముననే, శ్రావణ భాద్రపదములందు పట్టవలెను. పిల్లలకు ఒక సంవత్సరము పెద్ద కొలత తీసికొనవలెను. ఊలు మొత్తము ఒక్కమాఱే, ఒకే రంగుతడవది కొనవలెను. చేతిలో ఒక పెద్దపని, ఒక చిన్నపని మాత్రము ఉంచుకొనవలెను. పెద్దదానిపై విసుగు పుట్టినపుడు మేజా గుడ్డయో, పసిపిల్ల టోపీయో నాలుగు దినములలో ముగియును. ముగించిన సంతోషము పెద్దపనికి మరల బలమిచ్చును.

సోదరీమణులారా! ఎండలో బట్టలు ఆరవేయు దినమున ఆ మూటను కూడ బయటికి తీయుడు. నిలుపుటయో, విప్పుటయో, ఇచ్చుటయో ఆ పూటయే నిర్ణయింపుడు. పిమ్మట క్రొత్త యూలు ఉండను ధీమాగా చేత పట్టుడు. అప్పుడు ఇంటివారు నవ్వినను మీరు సిగ్గుపడవలసిన పని యుండదు.