కోలారు సీమలో మిగులు కూరగాయలు: రిఫ్రిజిరేటరు ఊరగాయ

ఒకే పదార్థమునకు మూడు భాషలవారు పెట్టుకొన్న పేర్లను పోల్చి చూచినచో, వారు దానిని ఏ కంటితో చూచిరో కొంత తెలియును. కోలారు బంగారు గనుల పట్టణములో తెలుగు, తమిళము, కన్నడము ఒకే వీధిలో వినబడును. మనము ఊరగాయ అందుము. తమిళులు ఊరుగాయ్ అందురు. కన్నడిగులు ఉప్పినకాయి అందురు. మొదటి రెండు పేర్లు కాయ ఊరుటను చెప్పుచున్నవి, మూడవది ఉప్పును చెప్పుచున్నది. కాయ ఉప్పులో ఊరును, కావుననే నిలుచును. నిలవ పచ్చళ్ళ శాస్త్రము చాలవరకు ఈ పేర్లలోనే ఇమిడియున్నది.

ఈ వ్యాసమున వివరింపబూనినది ఆ శాస్త్రమునకు పూర్తిగా లోబడని వేరొక ఊరగాయ. దీనిలో ఉప్పు కొంచెమే. నూనె అవసరము లేదు. నీరు మాత్రము నిండుగా ఉండును. దీనిని కాపాడునవి పులుపు, చలి అను రెండే. రిఫ్రిజిరేటరు లేనిదే ఇది లేదు గనుక ఆ పేరుతోనే దీనిని పిలుచుట సబబు. చేయుట మిక్కిలి సులభము. ఒక గంటలో పని ముగియును, మరునాటికి తినవచ్చును. అయితే ఆవకాయ జాడీకి వర్తించు నియమములనే దీనికిని వర్తింపజేయువారు కలరు. అందులోనే ప్రమాదమున్నది. కావున చేయు విధానమునకు ముందు, ఈ రెండు ఊరగాయల భేదమును తెలిసికొనవలెను.

అంతకు ముందుగా కోలారు సంగతి కొంత చెప్పవలసియున్నది. ఈ జిల్లాలో జీవనది లేదు. పాలారు నంది కొండల ప్రాంతమున పుట్టి బేతమంగళము మీదుగా పోవునే గాని, సంవత్సరములో అధిక భాగము దాని గర్భము ఇసుకయే. పూర్వులు కట్టించిన చెరువులు, తరువాత వచ్చిన బోరుబావులు ఇచ్చటి సేద్యమునకు ఆధారము. బోరుబావులు అనేక చోట్ల 1000 అడుగులు దాటి పోయినవి. 2018 నుండి బెంగళూరు నగరపు మురుగు నీటిని శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకము ద్వారా ఇచ్చటి చెరువులకు పంపుచున్నారు. ఇంత కష్టముతో తెచ్చుకొన్న నీటితోనే ఇచ్చటి రైతు టమాటా, ఉర్లగడ్డ, క్యారెట్టు, క్యాబేజీ, బీన్సు, క్యాప్సికం పండించుచున్నాడు. ఆ రైతులలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడువారే. ఒక కిలో టమాటా కుళ్ళి చెత్తకుండీలో పడినదనగా దానితో పాటు ఆ నీరును పోయినదని గ్రహింపవలెను.

కోలారు వ్యవసాయ మార్కెట్టు టమాటాకు మన దేశములోని పెద్ద సంతలలో ఒకటి. ఇచ్చట సరకు 15 కిలోల పెట్టెల లెక్కన అమ్ముడుపోవును. ఆ పెట్టె ధర నిలకడ లేనిది. 2021 మే నెలలో, మహమ్మారి ఆంక్షల కాలమున, ధర కూలిపోగా రైతులు కాయలను దారి ప్రక్కన పారబోసిరి. 2023 జూలైలో అదే పెట్టె 2000 రూపాయలు దాటినది. ఇట్టి ఎత్తుపల్లములను ఇంటి ఊరగాయతో సరిచేయవచ్చునని చెప్పుట అత్యుక్తి యగును. లారీల లెక్కన వచ్చు సరకునకు శీతల గిడ్డంగులును, గుజ్జు తీయు కర్మాగారములును కావలెను. ఇచ్చట ప్రస్తావము ఇంటి గంపను గూర్చి మాత్రమే. ధర పడిన వారమున గృహిణి చవకగదా యని ఒక పెట్టె కొనును. నాలుగు కిలోలు పప్పులోను చారులోను పోవును, రెండు కిలోలు ఇరుగుపొరుగు వారికి పోవును. మిగిలినది నాలుగు దినములలో మెత్తబడును. పెరటిలో ముల్లంగియో దోసయో వేసికొన్నవారికిని ఇదే చిక్కు. కాపు వచ్చిన పది దినములలో అంతయు ఒక్కమారుగా వచ్చును.

ఇక భేదము మాట. ఆవకాయ ఏల నిలుచును? మామిడికాయ తానే పుల్లనిది. దానికి ఉప్పు దండిగా చేరును. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగి, సూక్ష్మజీవులకు అందకుండ చేయును. ఆవపిండిలోని ఘాటు కొన్నిటిని అణచును. పైన నిలిచిన నూనె గాలిని ఆపును. కావుననే మన ఇండ్లలో తడి గరిటె జాడీలో పెట్టరాదను కట్టడి తరతరములుగా వచ్చినది. అచ్చట శత్రువు నీరు.

రిఫ్రిజిరేటరు ఊరగాయలో నీరు శత్రువు కాదు. పులుపును ప్రతి ముక్కలోనికి చేర్చు వాహనమే నీరు. అందుచేత తడి గరిటెను గూర్చిన పాత జాగ్రత్త దీనిని కాపాడజాలదు. దీనిని కాపాడు కొలత వేరు. పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను సంఖ్యను వాడుదురు. స్వచ్ఛమైన నీటికి అది 7. పులుపు హెచ్చినకొలది సంఖ్య తగ్గును. బొట్యులినమ్ అను సూక్ష్మజీవి గాలి తగులని చోట పెరిగి ప్రాణాంతకమైన విషమును పుట్టించును. ఆ విషము రుచికిగాని వాసనకుగాని తెలియకపోవచ్చును. పి.హెచ్. 4.6 కంటె తక్కువయైన చోట అది పెరుగజాలదు. క్యారెట్టు, బీన్సు, క్యాబేజీ వంటివి స్వతహాగా ఈ హద్దుకు చాల పైన ఉండును. టమాటా హద్దు మీదనే నిలుచును. కొన్ని కాయలు క్రిందను, బాగుగా పండినవి కొన్ని పైనను ఉండును. టమాటా పుల్లనిదే గదా, వేరే పులుపెందులకు అను వాదము ఇందువలననే చెల్లదు.

పులుపు ఒక్కటియే చాలునా? చాలదు. బూజులు, ఈస్టులు పులుపును లెక్కచేయవు. బూజు పెరిగినచో ఆ పులుపునే తిని హద్దును పైకి జరుపును. పోనీ, చలి ఒక్కటి చాలునా? అదియు చాలదు. లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు చలిలోను మెల్లగా పెరుగును. కావున రెండును కావలెను: 4.6కు బాగుగా దిగువనున్న పులుపు, 4 డిగ్రీల సెంటిగ్రేడునకు మించని చలి.

చలి మాట వచ్చినది గనుక ఒక సంగతి. కోలారు గనులకు శివనసముద్రము నుండి సుమారు 90 మైళ్ళ దూరము తీగలు లాగి 1902లో విద్యుత్తును తెచ్చిరి. బెంగళూరు నగరము విద్యుద్దీపములు చూచినది 1905లో. భూమిలో లోతుకు పోయినకొలది వేడి పెరుగును గనుక, గనులలోనికి పంపు గాలిని చల్లబరచుటకు 1930ల దశకములోనే ఇచ్చట పెద్ద శీతలీకరణ యంత్రములు నెలకొల్పిరి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఈ విధముగా కె.జి.ఎఫ్.లో యంత్రపు చలి వంటయింటికి రాక పూర్వమే పాతాళమునకు దిగినది. కార్మికుల ఇండ్లకు రిఫ్రిజిరేటరు వచ్చుటకు మాత్రము అనేక దశాబ్దములు పట్టినది.

ఇప్పుడు విధానము. అర కిలో కూరగాయ ముక్కలకు ఊట ఇట్లు: 5 శాతము ఆమ్లముగల వినిగరు 250 మిల్లీలీటర్లు, నీరు 250 మిల్లీలీటర్లు, ఉప్పు 15 గ్రాములు, చక్కెర 15 గ్రాములు. వినిగరు సీసా మీది అచ్చును తప్పక చదువవలెను. విదేశీ పుస్తకములలోని కొలతలన్నియు సాధారణముగా 5 శాతమునకు వ్రాసినవి; మన అంగళ్ళలో 4 శాతపు సీసాలు విరివిగా దొరకును. అట్టి సీసాయైనచో వినిగరు 310, నీరు 190 మిల్లీలీటర్లుగా మార్చుకొనవలెను. ఉప్పును చక్కెరను రుచికొలది కొంత తగ్గించుకొనవచ్చును. వినిగరును తగ్గించి నీటిని పెంచుట మాత్రము ఎన్నడును కూడదు. పులుపు మరీ ఎక్కువైనదని తోచినచో చక్కెరను పెంచవలెనే గాని నీటిని కాదు. చింతపండు పులుసుతో చేయరాదా యని మనవారు తప్పక అడుగుదురు. రుచికి బాగుగనే ఉండును గాని, చింతపండు పులుపు పండు పండుకు మారును. దానిని కొలుచు సాధనము ఇంటిలో లేదు. కావున రుచికి కొంచెము కలుపుకొని, రక్షణ భారమును వినిగరు మీదనే ఉంచుట మేలు.

కూరగాయలను కడిగి, దెబ్బతిన్న భాగములను తీసివేసి, సమానమైన ముక్కలుగా కోయవలెను. మెత్తబడిన కాయను ఊరగాయతో బాగుచేయవచ్చుననుకొనరాదు. చెడుట మొదలైనది ఇందుకు పనికిరాదు. వేడినీటితో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలోగాని పింగాణి జాడీలోగాని ముక్కలను నింపి, చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు, ఆవాలు ఒక చెంచా, మెంతులు పావు చెంచా, పసుపు చిటికెడు వేయవలెను. ఊటను స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో మరిగించి వేడిగా పోయవలెను. అల్యూమినియము, రాగి, కళాయిలేని ఇత్తడి ఈ పనికి తగవు. పులుపు లోహమును కరగించును. సీసా చల్లగా ఉన్నచో పగులును గనుక ముందుగా వేడినీటితో కాచుకొని, ఊటను కొంచెము కొంచెముగా పోయుట మంచిది. ముక్కలన్నియు ఊటలో మునిగియుండవలెను. పైకి తేలిన ముక్కయే మొదట బూజు పట్టును. వేడి తగ్గిన వెంటనే, రెండు గంటలు మించకుండ, రిఫ్రిజిరేటరులో పెట్టవలెను. పలుచని ముక్కలు ఒక దినములో ఊరును. మందపువి రెండు మూడు దినములు పట్టును. రెండు వారములలో వాడి ముగించుట క్షేమము.

టమాటాకు కొంత ప్రత్యేక శ్రద్ధ కావలెను. పూర్తిగా పండిన కాయ వేడి ఊటలో కరగి గుజ్జగును. దానిని తొక్కుగనో రోటి పచ్చడిగనో చేసికొనుట ఉత్తమము. ఈ ఊరగాయకు పచ్చికాయ, లేక అప్పుడే రంగు తిరుగుచున్న దోరకాయ తగును. గట్టి కండగల కాయను అడ్డముగా బిళ్ళలుగా కోసి, గింజల గుజ్జును తీసి, ఊట గోరువెచ్చనైన తరువాత పోసినచో బిళ్ళలు నిలుచును. కోలారు టమాటా దూర ప్రయాణమునకు తట్టుకొనుటకై ముదురక ముందే కోయబడును గనుక, పెట్టెలో ఇట్టి కాయలకు కొదువలేదు. పెట్టె ఇంటికి వచ్చిన దినముననే దోరకాయలను వేరుపరచుకొనుట తెలివి.

తక్కినవానికి మాట కొంచెమే. క్యారెట్టు, ముల్లంగి, నూల్‌కోలు పచ్చివే వేయవచ్చును. క్యాబేజీని సన్నగా తరుగవలెను. బీట్‌రూటును, బీన్సును ఉడికించియే వేయవలెను. పచ్చి బీన్సు కడుపునకు మంచిది కాదు. దోసకాయకు పూవువైపు కొసను తీసివేసినచో ముక్క కరకరలాడును. కాయను మెత్తబరచు పదార్థము ఆ కొసలో అధికము. ముక్క గట్టిపడుటకు సున్నపు తేట వాడు అలవాటు మన వంటలలో కలదు గాని, సున్నము పులుపును చంపును గనుక ఇందులో కూడదు. ఉర్లగడ్డ దీనికి పనికిరాదు.

పోపు పెట్టనిదే ఊరగాయ కాదను వారికి ఒక హెచ్చరిక. వెల్లుల్లి రేకలను నూనెలో వేసి నిలవయుంచుట అపాయకరము. వెల్లుల్లికి పులుపు లేదు, నూనెలో గాలి లేదు. బొట్యులినమ్ కోరునది అదియే. వెల్లుల్లి కావలెనన్నచో ఊటలోనే మునుగనీయవలెను. ఇంగువ, ఆవాల పోపును వడ్డించునప్పుడు, ఆ పూటకు సరిపడునంత ముక్కలపై పెట్టుకొనవలెను. విద్యుత్తు పోయినచో తలుపు తెరువకుండిన రిఫ్రిజిరేటరు సుమారు 4 గంటలు చల్లదనమును నిలుపుకొనును. అంతకు మించి వెచ్చబడిన సీసాను గూర్చి సందేహమున్నచో పారవేయుట మేలు. అందులో పోవునది అర కిలో ముక్కలే.

ఇది విదేశీయుల పద్ధతి, మనకేల యని కొందరందురు. ఈ ఆక్షేపణలో సగమే నిజము. దోసావకాయను చూడుడు. దోసకాయ ముక్కలలో ఆవపిండి, కారము, ఉప్పు, నూనె కలిపి మరునాడే వడ్డించుచున్నాము. పెండ్లి విందులలో దానికి ప్రత్యేక స్థానమున్నది. అది ఏడాది జాడీలోనికి ఎక్కదని మన స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు. త్వరిత ఊరగాయ అను భావన మనకు పరాయిది కాదు. వినిగరు ఊటయే క్రొత్తది. మరియొక వింత: వినిగరులో ఊరవేయు గెర్కిన్ అను చిన్న దోసకాయలను కర్ణాటకలోని పలు జిల్లాలలో విరివిగా పండించి, పీపాలలో నింపి విదేశములకు పంపుచున్నారు. పండించు చేతులు మనవే, తిను నోళ్ళు వేరు.

రక్తపు పోటు గలవారికి దీనివలన ఒక లాభము కూడ కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని చెప్పినది. పైన చెప్పిన కొలతతో చేసిన ఊరగాయలో ఉప్పు నూటికి ఒకటిన్నర వంతు. 20 గ్రాముల ముక్కలలో గ్రామునకు మూడవ వంతైనను రాదు. ఆవకాయలో ఇది అనేక రెట్లు. ఊటను మాత్రము అన్నములో కలుపుకొనరాదు.

ముక్కలు అయిపోయిన పిదప సీసాలో మిగిలిన ఊటలో మరల క్రొత్త ముక్కలు వేయు అలవాటు కొందరికి కలదు. మొదటి ముక్కలు తమ నీటిని విడిచి, ఊటలోని పులుపును తాము తీసికొన్నవి గనుక ఆ ఊట బలము తగ్గియుండును. రెండవమారు అది కాపాడజాలదు. పారబోయుటకు మనసొప్పనివారు దానిని ఆనాటి చారులో చింతపండునకు బదులు కొంచెము వేసి మరిగించుకొనవచ్చును. అప్పుడు చారులో ఉప్పు తగ్గించి వేయవలెను.