ఒకే చిలుకకు రెండు పేర్లు

జువాలజీ వాళ్ళ ఎగ్జిబిషన్‌కి తెలుగు చీటీలు రాసిపెట్టమని మన డిపార్ట్‌మెంట్‌ని అడిగారు కదా, నా వంతుకి దసలి పట్టుచిలుక వచ్చింది. బట్టల కొట్టువాళ్ళు టస్సర్ అనేది దీని పట్టునే. మన బరంపురం పట్టు వేరు, అది మల్బరీ ఆకు తినే పురుగుది. దసలి పురుగు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరుగుతుంది.

పెట్టెలు రెండున్నాయి. రెండింట్లోనూ పెద్ద పెద్ద రెక్కలు, ప్రతి రెక్క మీదా అద్దం ముక్కలాంటి గుండ్రటి మచ్చ. ఒకదాని మీద ‘ఆంథీరియా మైలిట్టా’ అని ఉంది, రెండోదాని మీద ‘ఆంథీరియా పాఫియా’ అని. చీటీ మీద ఏది రాయాలి?

మొదట ఆడా మగా తేడా అనుకున్నాను. మగది ఇటుకరంగు, ఆడది పసుపో బూడిదరంగో ఉంటుంది మరి. కానీ ఆడదానికొకటి, మగదానికొకటి శాస్త్రీయ నామం ఉండదట! పోనీ ఊళ్ళ తేడానా? సిమిలిపాల్ అడవుల్లో ‘మోడల్’, ఇంకా ‘సుకిందా’, ‘డాబా’, తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు వైపు ‘ఆంధ్రా లోకల్’ అని రకాలున్నాయి. కాయ సైజూ రంగూ మారతాయి గానీ జాతి ఒకటే.

అసలు సంగతి తేదీల్లో ఉంది. లిన్నేయస్ 1758లో ఒక చిలుకకు పాఫియా అని పేరు పెట్టాడు. డ్రూరీ అనే ఇంగ్లీషాయన 1773లో రంగుల బొమ్మతో సహా మైలిట్టా అని పెట్టాడు. జంతువుల పేర్లకు 1758 నుంచే లెక్క. ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు పెట్టిందే చెల్లుతుంది. అలా చూస్తే పాఫియాయే గెలవాలి.

అయితే ఆ రెండూ ఒకే జాతి అయితేనే! అక్కడే పేచీ. ఒకటే అనేవాళ్ళున్నారు, వేరు అనేవాళ్ళూ ఉన్నారు. లిన్నేయస్ వర్ణనలు చాలా పొట్టివి, వాటిని పట్టుకుని తేల్చడం కష్టం. మన దేశంలో పట్టు పరిశోధకులు మాత్రం, రాంచీలోని కేంద్ర టసర్ పరిశోధన సంస్థతో సహా, మైలిట్టానే వాడుతూ వచ్చారు. దీని గురించి చదవాలనుకునేవాళ్ళు ఒక్క పేరుతోనే వెతికితే రెండో పేరు కింద రాసిన సమాచారం తప్పిపోతుంది.

తెలుగువాళ్ళం కాబట్టి పేర్ల అర్థాలూ చూశాను. పాఫియా అంటే సైప్రస్‌లోని పాఫోస్ క్షేత్రంలో వెలసిన ఆఫ్రొడైటి. మైలిట్టా అంటే? ఆ ఆఫ్రొడైటినే అస్సీరియావాళ్ళు అలా పిలుస్తారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఒకే దేవత! అలివేలు మంగమ్మని పద్మావతి అన్నట్టు. డ్రూరీ కావాలనే పెట్టాడో, కాకతాళీయమో గానీ, నాకు భలే ముచ్చటేసింది.

చివరికి ‘ఆంథీరియా మైలిట్టా, డ్రూరీ, 1773’ అని రాసి, కింద ‘పాఫియా అని కూడా అంటారు’ అని చేర్చాను. చూసేవాళ్ళు రేపు పట్టు పుస్తకం తెరిస్తే కనబడేది మైలిట్టాయే కదా అని.

జువాలజీ మేడమ్ గారు చదివి ఒక్క దిద్దుబాటు చేశారు. ‘డ్రూరీ, 1773’కి బ్రాకెట్లు పెట్టారు. డ్రూరీ ఈ చిలుకని ఫలీనా అనే ప్రజాతిలో పెట్టాడట, ఆంథీరియాలోకి తరవాత మార్చారు. అలా ఇల్లు మారిన జాతి అయితే, మొదట పేరు పెట్టినవాళ్ళ పేరు బ్రాకెట్లో వేయాలట. ఈ బ్రాకెట్లు పెద్ద పెద్ద వ్యాసాల్లో కూడా మర్చిపోతుంటారని ఆవిడే చెప్పారు.