తాళం వెనుక మందు

న్యూఢిల్లీ: బిలాస్‌పూర్ గోల్ బజారులో జ్వరం మాత్ర కొన్నంత సులువుగా మిథైల్‌ఫెనిడేట్ కొనడం కుదరదు. ఏకాగ్రతాలోపం, అతిచాంచల్యం (ఏడీహెచ్‌డీ) గల పిల్లలకు వైద్యులు వాడే ప్రధానమైన మందు అది. ఔషధ నిబంధనల ఎక్స్ షెడ్యూలులో ఉన్నందున దుకాణానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి; మందు చీటీ రెండు ప్రతులుగా రాయాలి; ఒకటి రెండేళ్లు దుకాణదారు భద్రపరచాలి. దుర్వినియోగాన్ని అరికట్టాలన్న ఢిల్లీ ఉద్దేశాన్ని తప్పుపట్టలేము.

అయితే చికిత్స అంటే మాత్ర ఒక్కటే కాదు. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో ముందుగా శిక్షణ ఇవ్వవలసినది తల్లిదండ్రులకు: ఆజ్ఞ చిన్నదిగా ఉండాలి, మాట విన్న వెంటనే మెచ్చుకోవాలి, దినచర్య మారకూడదు. పెద్ద పిల్లలకు మందుతోపాటు ఇదీ, బడిలో సర్దుబాట్లూ అవసరం. మాత్రకు భాష అక్కరలేదు. కాని ఇంట తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ వినే రైల్వే కుటుంబంలోని తల్లికి ఈ శిక్షణ ఏ భాషలో ఇస్తారు? సమీపంలోని సేంద్రీలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది గనుక ఈ ప్రశ్న మరీ అసందర్భమేమీ కాదు.

చట్టం సంగతి మరీ విచిత్రం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం ఉన్నది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నది. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. ఈ చట్టం కింద పరీక్షలో అదనపు సమయం కోరదలచిన తండ్రి, బిడ్డకున్న జబ్బును వదిలి, జాబితాలోని మరో పేరు వెదుక్కోవాలి. ఆ జాబితాను సవరించడానికి కొత్త చట్టం అక్కరలేదు. 99వ సెక్షన్ ప్రకారం కేంద్రం ఒక నోటిఫికేషన్ జారీ చేస్తే చాలు.