తాళం చెవి పెట్టెలోనే ఉంటే?

పెట్టెకి తాళం వేసి, ఆ తాళం చెవిని పెట్టెలోనే వదిలేసిన వాళ్ళ కథలు మనకి కొత్త కాదు. కానీ ఒక స్పోర్ట్స్ కారు డిజైన్‌లోనే ఆ పరిస్థితి దాగి ఉంటుందంటే మొదట నేను నమ్మలేదు.

డాలస్‌లో ఉండే మా బావ 2006 మోడల్ పోర్షా బాక్స్‌టర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొన్న వారానికే వీడియో కాల్‌లో అడిగాడు: "నువ్వు మెకానికల్ కదా, చెప్పు. ఈ కారు బ్యాటరీ ముందు డిక్కీలో ఉంది. ఆ డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. బ్యాటరీ డౌన్ అయితే?"

ప్రశ్న చిన్నదే, కానీ మా డిజైన్ సబ్జెక్టు మొత్తం అందులోనే ఉంది.

ముందు కారు అమరిక చూద్దాం. బాక్స్‌టర్‌లో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. అందుకే ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. బ్యాటరీ ముందు డిక్కీలో, అద్దానికి దగ్గరగా ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. బరువు ముందూ వెనకా సర్దుకోవడానికి అది మంచి చోటే. రెండు డిక్కీలకీ డ్రైవర్ తలుపు దగ్గర స్విచ్‌లు ఉంటాయి. స్విచ్ నొక్కితే చిన్న మోటారు తిరిగి లాచ్‌ని వదిలేస్తుంది. కరెంటు లేకపోతే ముందుదీ రాదు, వెనకదీ రాదు.

కంపెనీ దీనికొక దారి పెట్టింది. డ్రైవర్ తలుపు మామూలు తాళం చెవితో తెరుచుకుంటుంది. కాళ్ళ దగ్గరున్న ఫ్యూజ్ బాక్సులో ఒక ఎర్ర టెర్మినల్ ఉంటుంది, దాన్ని బయటికి లాగాలి. ఇంకో బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు దగ్గరి లోహానికి తగిలిస్తే, లాచ్ మోటారుకి ప్రాణం వస్తుంది. ఇక్కడో చిక్కుంది. చచ్చిన బ్యాటరీ కూడా అదే లైనుకి ప్యారలల్‌లో ఉంటుంది కాబట్టి మనమిచ్చే కరెంటులో చాలా భాగం అదే తాగేస్తుంది. చిన్నపాటి బ్యాటరీతో పని జరగకపోవచ్చు.

అసలు సమస్య అది కూడా కాదు. ఈ రెండో దారి మొదటి దారిలోంచే వెళ్తోంది. అదే వైరు, అదే మోటారు. మోటారే కాలిపోతే పక్కన పది బ్యాటరీలు పెట్టినా లాభం లేదు. మొదటిది పాడైన కారణానికే రెండోది కూడా పాడయ్యేటట్టుంటే దాన్ని బ్యాకప్ అనలేం. అందుకే మాకు కరెంటుతో సంబంధం లేని దారి కావలసి వచ్చింది. సైకిల్ బ్రేకులో ఉండేలాంటి ఉక్కు కేబుల్ చాలు, 1.5 మిల్లీమీటర్లది. పని బావ చేశాడు, లెక్క నేను వేశాను. మేం పాటించిన సూత్రాలు ఇవి:

1. కేబుల్‌ని మోటారుకి కాదు, నేరుగా లాచ్ మీటకి తగిలించాలి. మోటారు బిగుసుకుపోయినా మీట కదలాలి.

2. కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉంచాలి. బిగుతుగా కడితే గతుకుల్లో కేబుల్ లాచ్‌ని లాగి, రోడ్డు మీదే మూత లేచే ప్రమాదం ఉంది. మూతకి ఉండే రెండో కొక్కేన్ని ముట్టుకోకూడదు.

3. వంపులు తగ్గించాలి. వంపు తిరిగిన ప్రతిచోటా రాపిడి వల్ల లాగాల్సిన బలం 'ఈ టు ది పవర్ మ్యూ తీటా' రెట్లు పెరుగుతుంది. లాచ్‌కి 40 న్యూటన్లు కావాలనుకుందాం. రెండు 90 డిగ్రీల వంపులు, రాపిడి గుణకం 0.15 అయితే 64 న్యూటన్లతో లాగాలి. తుప్పు పట్టి గుణకం 0.3 అయితే 103 న్యూటన్లు. అంటే పదిన్నర కిలోల బరువెత్తినంత! అందుకే స్టెయిన్‌లెస్ స్టీల్ కేబుల్, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న గొట్టం వాడాం.

4. రెండో కొస మూత తెరవకుండా అందాలి, దారిన పోయేవాడికి కనపడకూడదు. ముందు బంపర్‌లో టోయింగ్ హుక్ బిగించే రంధ్రానికి ఒక చిన్న మూత ఉంటుంది. దాని వెనక రింగు దాచాం.

5. పరీక్ష మూత తెరిచి ఉండగానే చెయ్యాలి. స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని 'టక్' మనిపించి, కేబుల్ లాగి చూడాలి. పదిసార్లు పదీ తెరుచుకున్నాకే మూత వెయ్యాలి.

ఇదంతా సామాన్ల డిక్కీ గురించేగా అనిపించవచ్చు. కానీ డిక్కీలో మనుషులు ఇరుక్కున్న సందర్భాలున్నాయి. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెనెల్‌నీ ఆమె భర్తనీ దొంగలు వాళ్ళ కారు డిక్కీలోనే బంధించారు. ఎలాగో బయటపడిన ఆమె, లోపలి నుంచి తెరిచే మీట ఉండాలని ఉద్యమం చేసింది. 1998 వేసవిలో మూడు వారాల వ్యవధిలో 11 మంది పిల్లలు డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. 2001 సెప్టెంబర్ నుంచి అమెరికాలో కార్ల డిక్కీకి లోపలి మీట తప్పనిసరైంది. చీకట్లో మెరిసే ఆ చిన్న పిడి వెనక అంత కథ ఉంది.

మీట ఉన్నంత మాత్రాన సరిపోదు. 2007 కార్వెట్ తలుపులు కరెంటు బటన్‌తో తెరుచుకుంటాయి. 2015 జూన్‌లో టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో బ్యాటరీ కేబుల్ ఊడిపోయి ఒక పెద్దాయన, ఆయన కుక్క ఆ కారులో చిక్కుకుని ఎండవేడికి చనిపోయారు. తలుపు తెరిచే మామూలు మీట ఆయన సీటు పక్కన నేల మీదే ఉంది.

ఇది చదివాక మా లిస్టులో ఆరో సూత్రం చేర్చాను: కేబుల్ వేసినవాడు కాకుండా వేరే మనిషి, ఎవరూ చెప్పకుండా లాగి తెరవగలగాలి. బావ మా అక్కకి ఒక్కసారి రింగు చూపించి, వారం తర్వాత కారు దగ్గర ఒంటరిగా వదిలాడు. అక్కకి 20 సెకన్లు పట్టింది. అప్పుడే పని పూర్తయిందని రాసుకున్నాం.

మీ ఇంటి కారులో ఈ మీటలు ఎక్కడున్నాయో ఈ ఆదివారం వెతికి చూడండి. దొరికాక ఇంట్లో ఇంకొకరి చేత కూడా లాగించండి.