గొంతు కోసేవాడు గొంతెత్తి పాడితే...

క్రిస్మస్ వారం వచ్చిందంటే హాలీవుడ్‌లో పిల్లాపాపలతో కలిసి చూసే సినిమాల సందడి. మంచు, కానుకలు, చివర్లో ఇంటిల్లిపాదీ కూర్చుని భోజనం... మామూలుగా అలాగే ఉంటుంది. 2007లో సరిగ్గా అదే వారంలో, డిసెంబరు 21న, అమెరికాలో ఓ సినిమా విడుదలైంది. అందులోనూ భోజనం ఉంది. కాకపోతే ఆ వంటకంలోని మాంసం ఎక్కడిదో తెలిస్తే ముద్ద గొంతు దిగదు!

'స్వీనీ టాడ్- ది డీమన్ బార్బర్ ఆఫ్ ఫ్లీట్ స్ట్రీట్'. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ల పీక కోసే ఓ లండన్ క్షురకుడి కథ. ఈ సినిమా కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసినవాళ్లంతా రక్తపాతం అంటే పడిచచ్చే కుర్రకారు అనుకుంటే పొరపాటే. వాళ్లలో చాలామంది సంగీత నాటకాల అభిమానులు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో, ఏ చరణం తర్వాత ఏ వాద్యం అందుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్లు. సినిమా ఎంత భయపెడుతుందన్నది వాళ్ల బెంగ కాదు. 'జానీ డెప్ పాడగలడా?'... అదీ అసలు బెంగ.

పగకు బాణీ కట్టి...

టాడ్ కథ పాతదే. 1846-47 ప్రాంతంలో లండన్‌లో ఓ చవక పత్రికలో ధారావాహికగా వచ్చింది. అందులో అతను డబ్బు కోసం చంపేవాడు. 1973లో క్రిస్టఫర్ బాండ్ అనే నాటక రచయిత ఆ హంతకుడికి ఓ గతాన్ని ఇచ్చాడు. అందమైన భార్య, చంటిబిడ్డ ఉన్న క్షురకుడు. ఆమె మీద కన్నేసిన న్యాయమూర్తి. చేయని నేరానికి ద్వీపాంతర శిక్ష. పదిహేనేళ్ల తర్వాత పేరు మార్చుకుని తిరిగొస్తే భార్య లేదు, కూతురు అదే న్యాయమూర్తి ఇంట్లో బందీ. కింద అంగడిలో మాంసం పైలు అమ్ముకునే మిసెస్ లవెట్ మాత్రం అతని వెండి కత్తుల్ని భద్రంగా దాచి ఉంచింది. పైన అతను కోస్తాడు, కింద ఆమె వండుతుంది. చివర్లో ఓ మలుపుంది. చూడనివాళ్ల కోసం దాన్ని ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద.

లండన్‌లో ఆ నాటకం చూసిన అమెరికన్ స్వరకర్త స్టీఫెన్ సాండ్‌హైమ్‌కి ఇందులో సంగీతం వినిపించింది. చిన్నతనంలో ఆయన్ని వెంటాడిన సినిమా ఒకటుంది. 1945లో వచ్చిన 'హ్యాంగోవర్ స్క్వేర్'. దానికి సంగీతం అందించిన బెర్నార్డ్ హెర్మనే తర్వాత హిచ్‌కాక్ 'సైకో'లో వయొలిన్లతో ప్రపంచాన్ని వణికించాడు. ఆ తరహా సంగీతాన్ని రంగస్థలం మీదికి తేవాలన్నది సాండ్‌హైమ్ కోరిక. అంటే, సినిమాగా రాకముందే ఈ నాటకంలో సినిమా ఉందన్నమాట.

హెరాల్డ్ ప్రిన్స్ దర్శకత్వంలో 1979 మార్చి 1న బ్రాడ్‌వేలో మొదలైంది. రంగస్థలమంతా ఓ పాత ఇనుప కార్ఖానా భాగాలు. తెర లేవగానే చెవులు చిల్లులు పడేలా ఫ్యాక్టరీ కూత. ఉలిక్కిపడని ప్రేక్షకుడు ఉండేవాడు కాదేమో! లెన్ కారియూ, ఏంజెలా లాన్స్‌బరీ ప్రధాన పాత్రధారులు. 557 ప్రదర్శనలు, 8 టోనీ అవార్డులు.

అభిమానులు ఈ నాటకాన్ని గుండెల్లో పెట్టుకోవడానికి కారణం మాత్రం అవార్డులు కాదు. రెండో అంకంలో ఓ పాట ఉంది. కూతుర్ని తలుచుకుంటూ తండ్రి మెల్లగా, లాలిపాటలా పాడుకుంటాడు. మనసు కరిగిపోయేంత మెత్తని బాణీ. పాడుతూనే కుర్చీలో కూర్చున్నవాళ్ల గొంతులు ఒక్కొక్కటిగా కోస్తుంటాడు! చెవికి ప్రేమ, కంటికి హత్య. ఏడవాలో భయపడాలో తెలియని ఆ స్థితి కోసమే జనం మళ్లీ మళ్లీ వెళ్లారు. ఇక శవాల్ని ఏం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ ఇద్దరూ పాడుకునేది హుషారైన వాల్ట్‌జ్. ఏ వృత్తివాడి మాంసం ఎలా ఉంటుందో వేళాకోళమాడుకుంటూ ఒకటే నవ్వులు. రాయడానికి ఒళ్లు గగుర్పొడుస్తోంది కానీ, వింటే మనమూ నవ్వుతాం.

మూడు కొలబద్దలు

2006లో టిమ్ బర్టన్ దర్శకత్వంలో సినిమా ఖాయమన్న కబురు వచ్చేసరికి అభిమానుల చేతిలో మూడు కొలబద్దలున్నాయి. ఒకటి 1979 నాటి రికార్డు. రెండోది చిత్రీకరించి 1982లో టీవీలో చూపిన ప్రదర్శన. మూడోది 2005లో పదిమంది నటులే వాద్యాలు వాయించుకుంటూ ఆడిన కొత్త ప్రయోగం. అందులో మిసెస్ లవెట్‌గా వేసిన ప్యాటీ లుపోన్ ట్యూబా ఊదింది! ఏ వార్త వచ్చినా ఈ మూడింటి పక్కన పెట్టి తూచడమే.

బర్టన్ మీద నమ్మకానికి కారణం లేకపోలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు, 1980లో లండన్‌లో ఈ నాటకం చూసి ముగ్ధుడైపోయిన మనిషి. డెప్ సంగతే సందేహం. కుర్రతనంలో బ్యాండులో గిటారు వాయించిన మాట నిజమే. 1990లో 'క్రై-బేబీ' అనే పాటల సినిమాలో హీరోగా వేసిన మాటా నిజమే. కానీ అందులో అతనికి వేరే గాయకుడు గొంతు అరువిచ్చాడు. టాడ్ పాత్ర చూస్తే ఒపేరా గాయకుల్ని సైతం పరీక్షించేది. హెలెనా బోనమ్ కార్టర్ విషయంలో ఇంకో గుసగుస- దర్శకుడి సహచరి కాబట్టే ఆ వేషం దక్కిందని. నిజానికి ఆమె కూడా పాడి వినిపించాల్సి వచ్చింది, సాండ్‌హైమ్ సరేనన్నాకే పాత్ర ఖాయమైంది.

మనవాళ్లకు ఈ బెంగ కొత్తగా అనిపించకపోవచ్చు. పద్యం బాగా పాడితే 'వన్స్ మోర్' అంటూ మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులం మనం. 1932లో 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు సురభి నటుల్నే తెర మీదికి తెచ్చారు, పాడే గొంతు ముందు కావాలి కాబట్టి. హాలీవుడ్ లెక్క వేరు. ముందు స్టారు, తర్వాత గొంతు.

కూత లేదు, కోరస్ లేదు

అభిమానుల్ని నిజంగా నొప్పించిన వార్త మరొకటి. నాటకంలో ఊరి జనం గుంపుగా వచ్చి, ప్రేక్షకుల కళ్లల్లోకి చూస్తూ కథ చెబుతారు. మొదట, మధ్యలో, చివర. మీ పక్కనున్నవాడూ టాడ్ కావచ్చు అన్నట్టుంటుంది ఆ పాట. సినిమాలో దాన్ని దెయ్యాల చేత పాడించాలనుకున్నారు. 'డ్రాకులా'గా పేరుపడిన క్రిస్టఫర్ లీ లాంటివాళ్లు పాడి రికార్డు కూడా చేశారు. తర్వాత మొత్తం తీసేశారు. ఆ బాణీ వాద్య సంగీతంగా మాత్రం మిగిలింది. న్యాయమూర్తి పాట పోయింది, ఇంకొన్ని కుదించుకుపోయాయి. విరామంతో కలిపి మూడు గంటలకు దగ్గరగా నడిచే నాటకం 116 నిమిషాల్లో ఇమిడింది. ఇది నాటకానికి నకలు కాదని, దాని ఆధారంగా తీసిన సినిమా అని సాండ్‌హైమే ముందుగా సర్దిచెప్పాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ట్రైలరు. అందులో పాట దాదాపు లేనే లేదు! కత్తులు, నెత్తురు, డెప్ చూపులు... అంతే. ఇది పాటల సినిమా అని తెలియకుండా టిక్కెట్లు అమ్ముకోవాలన్నది వ్యాపారుల ఎత్తుగడ. దశాబ్దాలుగా ఆ పాటల్ని ప్రేమించినవాళ్లకు ఎలా ఉంటుంది? పెళ్లిలో పెళ్లికూతుర్నే దాచిపెట్టినట్టు. ఈ తెలివి మరోలా తిరగబడింది కూడా. భయానక చిత్రమనుకుని వచ్చినవాళ్లలో కొందరు డెప్ గొంతెత్తగానే లేచి వెళ్లిపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి.

మరి గొంతు సంగతి? డెప్ పాడాడు, సొంతంగానే. ఒపేరా గొంతు కాదు. కాస్త జీర, కాస్త రాక్ సంగీతపు వాసన. రంగస్థలం మీద ఆఖరి వరసకు వినిపించాలి కానీ, కెమెరా ముఖానికి మూరెడు దూరంలో ఉంటే గొణిగినా చాలు. నా మటుకు, ఆ లాలిపాట హత్యలతో కలిసి తెర మీద బాగా పండింది. బోనమ్ కార్టర్ సన్నని గొంతులో మాత్రం లాన్స్‌బరీ అల్లరి లేదు, నవ్వు తగ్గింది. పూడ్చినదీ ఉంది. రంగస్థలం మీద సాధారణంగా పెద్దవాళ్లు వేసే అమాయకుడు టోబీ పాత్రను నిజంగానే ఓ పిల్లాడికిచ్చారు. తనను చేరదీసిన లవెట్‌కి ఏమీ కానివ్వనని ఆ పసివాడు పాడుతుంటే, ఏం జరగబోతోందో తెలిసిన మనకు కడుపులో దేవుతుంది. కోరస్ లేని లోటు తీరిందా అంటే, లేదు. ఊరంతా పాపంలో భాగమన్న కథ ఒక్కడి విషాదంగా మిగిలింది. తన నాటకాలపై వచ్చిన సినిమాల్ని అంతగా మెచ్చని సాండ్‌హైమ్ దీన్ని మాత్రం బాహాటంగా మెచ్చుకున్నాడు. గోల్డెన్ గ్లోబుల్లో ఉత్తమ మ్యూజికల్ లేదా కామెడీ చిత్రంగా ఎంపికైంది. కళా దర్శకత్వానికి ఆస్కార్ వచ్చింది.

పాటల్ని దాచే అలవాటు అక్కడితో ఆగలేదు. 2023 నాటి 'వోంకా', 2024లో వచ్చిన 'మీన్ గర్ల్స్' ట్రైలర్లకూ అదే విమర్శ. సాండ్‌హైమ్ 2021 నవంబరులో తన 91వ ఏట కన్నుమూశాడు. 2023 మార్చిలో 'స్వీనీ టాడ్' మళ్లీ బ్రాడ్‌వే ఎక్కింది. గాయకుడు జాష్ గ్రోబన్ టాడ్. 26 మంది వాద్యకారులు. అది 2024 మే దాకా ఆడింది. ఆ కథను సినిమాగా మాత్రమే ఎరిగినవాళ్లు అక్కడ ఊరి జనం వరసకట్టి తమ వైపే చూస్తూ పాడటం మొదటిసారి విన్నారు.