బల్లక్రింది కుక్కపిల్లలు (మార్కు 7:24-30)

ఈ భాగమును ప్రసంగించవలసి వచ్చినప్పుడు మనలో అనేకులము తడబడుదుము. కులము పేరిట కుక్కతో పోల్చబడి అవమానింపబడినవారు మన సంఘములలో కూర్చుండియున్నారు గదా!

హెబ్రీయులకు కుక్క వీధి జంతువు. యెజెబెలు శవమును తిన్నవి అవే (2 రాజులు 9:35-36). ఫిలిప్పీ 3:2లోని 'కుయోన్' ఆ అసహ్యమునే మోయుచున్నది. మార్కు వాడినది 'కునారియోన్', అనగా చిన్నకుక్క. అయితే కొయినే గ్రీకులో ఇట్టి అల్పార్థక రూపములు తరచుగా బలము కోల్పోయినవి. కనుక పదము మెత్తనిదని చెప్పి దాటిపోవుట నాకు సమ్మతము కాదు.

ఆమె సురోఫెనికయ వంశస్థురాలు. 'హెల్లేనిస్' అనునది ఆమె దేశముకంటె ఆమె భాషాసంస్కృతులనే సూచించునని తోచును. గ్రీకులలోను కుక్క తిట్టే. ఇలియడ్‌లో అకిలీసు అగమెమ్నోనును నీవు కుక్క కన్నులు గలవాడవని దూషించును. కాని హోమరు కావ్యములు 'బల్లకుక్కల'నుకూడ ఎరుగును. అవి యజమానుని బల్లయొద్ద పెరుగునవి. గ్రీకులు భోజనమువేళ రొట్టెమెత్తతో చేతులు తుడుచుకొని, దానిని కుక్కలకు వేసెడివారు.

ఇప్పుడు ఆమె జవాబు చూడుడి. యేసు మాటలో పిల్లలు, రొట్టె, 'మొదట' అను పదము ఉన్నవి, బల్ల లేదు. బల్లను తెచ్చినది ఆమెయే. వీధిలోని కుక్కను ఇంటిలోనికి, పిల్లలు తినుచున్న వేళకే తెచ్చినది. 29వ వచనములో ఆమె కుమార్తె విడుదలకు కారణముగా యేసు చూపినది ఆ మాటనే.