ప్రపంచ పర్యావరణ దత్తాంశనిధుల విశ్వసనీయత: చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంత పరిశీలన

కీలకపదాలు: దత్తాంశనిధి, నిర్వచనం, ఉపగ్రహ చిత్రం, మర్రిచెట్లు, శిఖం భూమి, క్షేత్ర పరిశీలన.

1. ఉపోద్ఘాతం

భూగోళమంతటి అడవులు, జలవనరులు, సాగుభూముల వివరాలు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా నేడు ఉచితంగా లభిస్తున్నాయి. వీటి విశ్వసనీయత చిత్రాల స్పష్టతపై మాత్రమే ఆధారపడదు. దేనిని ఏ పేరుతో లెక్కించాలన్న నిర్వచనం అంతకన్నా ముఖ్యం. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు ఇందుకు చక్కని ఉదాహరణ.

2. నిర్వచనానికి అందని మర్రిచెట్లు

ఈ మండలాల మీదుగా సాగే హైదరాబాద్-బీజాపూర్ రహదారికి ఇరువైపులా వందలాది మర్రిచెట్లు ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దృష్టిలో అడవి అంటే 0.5 హెక్టారుకు మించిన విస్తీర్ణంలో, 5 మీటర్లకు మించి ఎదిగే చెట్లతో, 10 శాతానికి మించిన పందిరి గల భూమి. చెట్ల వరుసలైతే వెడల్పు 20 మీటర్లు దాటాలి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1 హెక్టారును కనీస విస్తీర్ణంగా గ్రహిస్తుంది. అంతకన్నా చిన్నవైన చెట్ల సముదాయాలను నమూనా పద్ధతిలో అంచనా వేస్తుంది. అందువల్ల బాటపక్క మర్రి రాష్ట్ర స్థాయి మొత్తంలో కలిసిపోతుందే తప్ప తనదైన స్థానంతో నమోదు కాదు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయ బృందం 2013లో వెలువరించిన ప్రపంచ అటవీ మార్పుల పటంలో ఒక్కొక్క గడి 30 మీటర్ల చదరం. ఆ 900 చదరపు మీటర్లలో తారురోడ్డు, దుకాణపు కప్పు, మర్రికొమ్మలు అన్నీ కలిసి ఒకే విలువగా మారతాయి. ఒక చెట్టు కూలినా ఆ గడిలో నష్టం నమోదు కాకపోవచ్చు. మరోవైపు, ఎత్తుగా పెరిగిన మామిడితోట కూడా వృక్షాచ్ఛాదనగానే లెక్కకు వస్తుంది.

ఇది కేవలం సాంకేతిక చర్చ కాదు. రహదారి విస్తరణ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. 2025 నవంబర్ 3న ఇదే మార్గంలో, మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సు, టిప్పర్ ఢీకొని పలువురు మరణించారు. ప్రాణాలనూ చెట్లనూ కాపాడే విస్తరణ జరగాలంటే ఏ చెట్టు ఎక్కడ ఉందో కచ్చితంగా తెలియాలి. పర్యావరణ కార్యకర్తలు కాలినడకన చెట్టుచెట్టుకూ స్థానాంకాలు నమోదు చేయవలసి రావడానికి కారణం ఇదే.

3. కదిలే నీటి అంచు

1908 నాటి మూసీ వరదల తరువాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల నిర్మాణం పూర్తయింది. వీటి పరీవాహక ప్రాంత రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన జీవో 111, ఈ మండలాల గ్రామాలతో సహా 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వులిచ్చింది. ఇటువంటి సందర్భాలలో నీటి అంచును కచ్చితంగా గుర్తించడం కీలకమవుతుంది.

యూరోపియన్ కమిషన్ సంయుక్త పరిశోధన కేంద్రం రూపొందించిన ప్రపంచ ఉపరితల జలపటం 1984 నుండి శాశ్వత, ఋతుకాలిక జలాలను వేరుచేసి చూపుతుంది. అయితే దానికి ఆధారమైన ల్యాండ్‌శాట్ చిత్రాలకు మబ్బులు అడ్డు. జలాశయాలు నిండే వానాకాలంలోనే పరిశీలనలు తగ్గుతాయి. మబ్బులను దాటి చూడగల రాడార్ ఉపగ్రహాలు ఈ లోపాన్ని కొంత పూరిస్తాయి. కానీ వేసవిలో ఎండిన శిఖం భూమి ఏ ఉపగ్రహానికైనా బీడుగానో పైరుగానో కనిపిస్తుంది. అది చెరువు గర్భమని తెలిపేది రెవెన్యూ రికార్డు, పూర్తి నీటిమట్టపు హద్దు మాత్రమే.

4. మారే సరిహద్దులు, పేర్లు

2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత రంగారెడ్డి జిల్లా నుండి వికారాబాద్ వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. పేరు నిలిచినా విస్తీర్ణం మారింది. ఈ తేదీకి ముందు వెనుకల గణాంకాలను నేరుగా పోల్చితే భూమిలో జరగని మార్పు పట్టికలో జరిగినట్లు కనిపిస్తుంది. చేవెళ్ళ, చేవెళ్ల వంటి లిపిభేదాలు కూడా ఒకే ఊరిని రెండుగా నమోదు చేయగలవు.

5. ముగింపు

ప్రపంచ దత్తాంశనిధులు విస్తృత ధోరణులను చూపగలవు. ఒక చెట్టుపై, ఒక సర్వే నంబరుపై తీర్పు చెప్పడానికి అవి మాత్రమే చాలవు. వాటిని వినియోగించే పరిశోధకులు నిర్వచనాన్ని, గడి పరిమాణాన్ని, చిత్రం తీసిన కాలాన్ని, సరిహద్దుల సంవత్సరాన్ని విధిగా పేర్కొనాలి. స్థానిక రికార్డులతో, క్షేత్ర పరిశీలనతో సరిపోల్చాలి. పటంలో కనిపించనిది నేలపై లేదని నిర్ణయించడం పరిశోధన కాజాలదు.